ఒంటి తీరు, నడక తీరు, నేల తీరు



మొఘల్‌పురా, శాలిబండ, చార్మినార్ చుట్టుపక్కల ఉండే కుటుంబాలు సెలవు రోజున పిల్లల్ని తీసుకుని వెళ్లడానికి దగ్గరలో ఉన్న చోటు బహదూర్‌పురాలోని నెహ్రూ జూపార్కు. మీర్ ఆలం చెరువును ఆనుకుని దాదాపు 380 ఎకరాల్లో ఉన్న ఈ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబర్‌లో ప్రారంభమైంది. అక్కడ పిల్లలు అడిగే ప్రశ్నలు చాలావరకు జంతువుల ఆకారం గురించే ఉంటాయి. ఏనుగు కాళ్లు అంత లావెందుకు, జింక కాళ్లు అంత సన్నమెందుకు, కొంగకు అంత పొడుగు ముక్కెందుకు? పెద్దలు చాలామంది ఏదో ఒకటి చెప్పి ముందుకు నడుస్తారు. కానీ ఈ ప్రశ్నలు చిన్నవి కావు. వన్యప్రాణుల్ని ఎలా కాపాడుకోవాలన్న పెద్ద ప్రశ్నకు జవాబు వీటిలోనే ఉంది. జంతువు ఒంటి తీరును నిర్ణయించేది దాని నడక. ఆ నడకను నిర్ణయించేది లక్షల ఏళ్లుగా అది తిరిగిన నేల. కాబట్టి నేల స్వభావాన్ని మార్చేసి జంతువును మాత్రం కాపాడామని చెప్పుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఈనాటి ప్రసంగంలో నేను నిరూపించదలచుకున్నది ఈ ఒక్క మాటే.

ముందు బరువు సంగతి చూద్దాం. 1638లో గెలీలియో తన చివరి గ్రంథంలో ఒక లెక్క వేసి చూపించాడు. జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలైతే దాని బరువు ఎనిమిదింతలవుతుంది. ఆ బరువు మోసే ఎముక బలం మాత్రం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నాలుగింతలే పెరుగుతుంది. అందుచేత చిన్న జంతువును యథాతథంగా పెంచుకుంటూ పోతే ఒక దశలో దాని కాళ్లే దాన్ని మోయలేవు. పెద్ద జంతువు బతకాలంటే ఎముకలు బాగా లావెక్కాలి, కాళ్లు శరీరం కింద నిట్టనిలువుగా నిలబడాలి. ఏనుగు కాళ్లు అలాగే ఉంటాయి. ఎంత వేగంగా వెళ్తున్నా ఏనుగు నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదలవు, అది గెంతలేదు. చిత్తూరు ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం సరిహద్దున ఏనుగుల్ని ఆపడానికి కందకాలు తవ్వడం వెనుక ఉన్నది ఈ శరీర ధర్మమే. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరంలోనూ ఇదే లెక్క కనిపిస్తుంది. ప్రాణహిత, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఈ రాక్షసబల్లి సుమారు 9 మీటర్ల పొడవుంటుంది. ఏనుగుకూ దానికీ చుట్టరికం ఏమీ లేదు. ఒకటి క్షీరదం, ఒకటి సరీసృపం. మధ్యలో పదిహేను కోట్ల ఏళ్లకు మించిన ఎడం ఉంది. అయినా నేల మీద పెద్ద బరువు మోయవలసి వచ్చినప్పుడు రెండింటి కాళ్లూ ఒకే తీరుకు వచ్చాయి.

ఇప్పుడు ఈ లెక్క రెండో కొసకు వెళ్దాం. మన నల్లమల అడవుల్లో మూషిక జింక అనే జంతువుంది. భారతదేశంలోని గిట్టల జంతువుల్లో ఇంతకన్నా చిన్నది లేదు. భుజం దగ్గర ఎత్తు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు రెండు నుంచి నాలుగు కిలోలు. కాళ్లు పెన్సిళ్లంత సన్నగా కనిపిస్తాయి. ముందుకాళ్లకన్నా వెనక కాళ్లు కాస్త పొడుగు. అందువల్ల వీపు గుండ్రంగా పైకి లేచి, తల వైపు వాలుతుంది. ముట్టె కోసుగా ఉంటుంది. అంటే ముందు సన్నగా మొదలై వెనక్కి పోయేకొద్దీ ఒళ్లు పెరుగుతుంది. దట్టమైన పొదల కింద దూరి పోవడానికి ఇంతకన్నా అనువైన ఆకారం ఉండదు. తలమీద కొమ్ముల్లేవు. పొదల్లో తిరిగేదానికి కొమ్ములుంటే తీగలకు చిక్కుకుంటాయి. మగవాటికి కొమ్ములకు బదులు పైదవడ నుంచి కిందికి దిగిన కోరలుంటాయి, పోట్లాటకు అవే ఆయుధాలు. గోధుమరంగు ఒంటి మీద తెల్లని చుక్కలూ చారలూ వరసగా ఉంటాయి. ఆకుల సందుల్లోంచి పడే వెలుతురులో అది కదలకుండా నిలబడితే పక్కనే ఉన్నా కనిపించదు. పగలు చెట్టు తొర్రల్లోనో రాళ్ల సందుల్లోనో దాక్కుని రాత్రి వేళ బయటికి వస్తుంది. అపాయం వస్తే దాని మొదటి ఉపాయం కదలకుండా ఉండిపోవడం, రెండోది ఒక్క దూకున పొదలో మాయమవడం. బయలు మీద దూరం పరుగెత్తి ప్రాణం దక్కించుకోవడం దానికి చేతకాదు, ఆ శరీరం అందుకోసం తయారైంది కాదు.

ఈ శరీరం వెనుక చాలా పాత చరిత్ర ఉంది. మూషిక జింకల కుటుంబం మిగతా నెమరువేసే జంతువుల నుంచి నాలుగు కోట్ల సంవత్సరాలకు ముందే విడిపోయింది. ఆవుకూ, మేకకూ, దుప్పికీ కడుపులో నాలుగు అరలుంటే మూషిక జింకకు మూడే ఉన్నట్టు లెక్క. వాటి పాదాల్లో పక్కవేళ్లు కుదించుకుపోతే దీని పాదాల్లో నాలుగు వేళ్లూ పూర్తిగా ఉంటాయి. మొదటి నెమరుజంతువులు ఎలా ఉండేవో ఊహించుకోవడానికి శాస్త్రవేత్తలకు ఇది దగ్గరి నమూనా. ఈ కథకు మన దేశంలోనే మరో అధ్యాయం ఉంది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన శిలల్లో 1971లో ఒక చిన్న గిట్టల జంతువు ఆనవాళ్లు వెలుగులోకి వచ్చాయి. దానికి ఆయన ఇండోహ్యస్ అని పేరు పెట్టారు. ఆయన మరణించాక ఆయన భార్య ఆ రాళ్లను అమెరికాలోని హాన్స్ థెవిసెన్ అనే శాస్త్రవేత్తకు అప్పగించారు. వాటిని శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక లోపలి గోడ అసాధారణంగా మందంగా కనిపించింది. అలాంటి చెవి ఎముక అప్పటిదాకా తిమింగలాల జాతిలో తప్ప ఎక్కడా తెలియదు. 2007లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం, సుమారు 4 కోట్ల 80 లక్షల సంవత్సరాల నాటి ఈ పిల్లి అంత జంతువు తిమింగలాలకు అతి దగ్గరి బంధువు. చూడ్డానికి మాత్రం అది మూషిక జింకలాగే ఉండేదని ఎముకలు చెబుతున్నాయి. దాని కాలి ఎముకల గోడలు నీటి అడుగున నడిచే నీటిగుర్రం ఎముకల్లా మందంగా, బరువుగా ఉన్నాయి. నీళ్లలో తేలిపోకుండా నిలబడడానికి ఆ బరువు పనికొచ్చింది. ఈనాటికీ ఆఫ్రికాలోని నీటి మూషిక జింకను తరిమితే వాగులోకి దూకి మునుగుతుంది. ఆపద వేళ నీళ్లలోకి దిగే అలవాటు కొన్ని వంశాల్లో స్థిరపడి, నీటిలో కదలికకు అనువైన ఒళ్లు తరతరాలుగా ఎంపికవుతూ వచ్చి, చివరికి గిట్టలు పోయి తెడ్ల వంటి అవయవాలు వచ్చాయి. ఒకే తీరు శరీరంతో మొదలైన రెండు వంశాల్లో ఒకటి పొదల్లోనే ఉండి దాదాపు అలాగే మిగిలింది, ఇంకొకటి నీళ్లలోకి వెళ్లి సముద్రాన్ని ఏలింది. వాటి మధ్య అంత తేడా తెచ్చినది అవి కదిలిన చోటే.

ఇక్కడ జీవశాస్త్రం తెలిసినవారు ఒక అభ్యంతరం చెబుతారు. ప్రతి అవయవాన్నీ నేలకు తగ్గట్టు అమరినదిగా చెప్పడం అతిగా సాగదీయడమేనని వారి మాట. 1979లో జీవశాస్త్రవేత్తలు స్టీఫెన్ జే గౌల్డ్, రిచర్డ్ లెవాంటిన్ ఇదే హెచ్చరిక చేశారు. కొన్ని లక్షణాలు కేవలం వారసత్వంగా మిగిలినవి, కొన్ని వేరే లక్షణం వెంట వచ్చినవి. ఈ మాట నిజమే. మూషిక జింక నాలుగు వేళ్లు పొదల్లో నడవడానికి ప్రత్యేకంగా వచ్చినవి కావు, పూర్వీకుల నుంచి దిగివచ్చినవి. అయితే ఈ అభ్యంతరం నా వాదాన్ని దెబ్బతీయదు, బలపరుస్తుంది. శరీరంలో వారసత్వ భాగం అంత ఎక్కువగా ఉందంటే, జంతువు తనను తాను ఇష్టం వచ్చినట్టు మార్చుకోలేదన్న మాట. ఉన్న ఒంటితోనే సర్దుకోవాలి. ఆ ఒళ్లు పనిచేసే చోటు పోతే దానికి ఇంకో చోటు దొరకదు.

ఈ సంగతిని మన హైదరాబాద్‌లోనే ఆచరణలో చూడవచ్చు. 2010లో నెహ్రూ జూపార్కు, కేంద్ర జూ ప్రాధికార సంస్థ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ కలిసి మూషిక జింకల సంతానోత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టాయి. అత్తాపూర్‌లోని లాకోన్స్ అంతరించిపోతున్న జాతుల కోసం ఏర్పాటైన ప్రయోగశాల. శాస్త్రవేత్త డాక్టర్ లాల్జీ సింగ్ చొరవతో వచ్చిన ఈ సంస్థను 2007 ఫిబ్రవరిలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేశారు. జంతువును పట్టుకుని బెదరగొట్టకుండా దాని పెంటికల్లో హార్మోన్లు పరీక్షించి ఎప్పుడు ఎదకు వస్తోందో, ఎప్పుడు చూలు నిలిచిందో తెలుసుకునే పద్ధతులు ఇక్కడి శాస్త్రవేత్తలకు కరతలామలకం. ఈనిన కొన్ని గంటల్లోనే ఈ జింక మళ్లీ జతకట్టగలదు. కొద్ది జింకలతో మొదలైన మంద వందల సంఖ్యకు చేరింది. జూలో వాటిని పెంచడం కన్నా కష్టమైన పని తర్వాత వచ్చింది. 2017 నుంచి వాటిని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదలడం మొదలుపెట్టారు. బోను తలుపు తీసి వదిలేస్తే సరిపోదు కాబట్టి, అడవిలోనే కంచె వేసిన ఆవరణలో కొన్నాళ్లు ఉంచి, అక్కడి ఆకూ పండూ అలవాటు చేసి, దాక్కునే చోట్లు తెలిశాక బయటికి పంపే పద్ధతి పాటించారు. చిరుతలు, రేచుకుక్కలు, కొండచిలువలు తిరిగే అడవిలో జూలో పుట్టిన జింకకు కావలసిన మొదటి చదువు ఏ పొదలోకి దూకాలో తెలియడమే.

దీని మీద గట్టి ప్రశ్నే ఒకటుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో మూషిక జింకకు ఇప్పట్లో ముప్పు లేదని రాసి ఉంది కదా, దానికోసం ఇంత శ్రమా ఖర్చూ ఎందుకని. ఆ జాబితా జాతి మొత్తాన్నీ కలిపి చూస్తుంది. ఒక్కొక్క అడవి ఎంత ఖాళీ అయిందో అందులో కనిపించదు. రాత్రిపూట మాత్రమే తిరుగుతూ, అరవక, మందగా చేరక బతికే ఈ జంతువు ఒక అడవిలోంచి మాయమైతే ఎవరికీ తెలియదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో పెట్టి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. రాలిన పండ్లు తినే జంతువుగా, మాంసాహారులకు ఆహారంగా అడవి లెక్కలో దీనికి చోటుంది. అసలు విషయం ఇంకొకటి. జూలో సంఖ్య పెంచగలమని హైదరాబాద్ రుజువు చేసింది. ఇక మిగిలింది పొదల్ని నిలబెట్టడం. ఏటా వేసవిలో నేలమంటలు అడవి అడుగుభాగాన్ని కాల్చేస్తే పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి, దూరం నుంచి చూసేవారికి అడవి ఉన్నట్టే కనిపిస్తుంది. పాతిక సెంటీమీటర్ల ఎత్తులో బతికే జంతువుకు మాత్రం ఇల్లు పోయినట్టే.

పొదలు, చెట్లు అన్నంత మాత్రాన అన్నిచోట్లా అవే మేలు చేస్తాయనుకోకూడదు. కడప జిల్లా లంకమల పొదల్లో 1986 జనవరిలో, దాదాపు 86 ఏళ్లుగా ఎవరికీ కనిపించని కలివికోడి మళ్లీ కనిపించింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, ఐతన్న అనే స్థానికుడి సాయంతో దాని ఉనికిని బయటపెట్టారు. కలివికోడి సుమారు 27 సెంటీమీటర్ల పక్షి. కాళ్లు పొడుగు, పాదానికి ముందువైపు మూడు వేళ్లే ఉంటాయి, వెనక వేలు లేదు. వెనక వేలు లేని పక్షి కొమ్మను గట్టిగా పట్టుకోలేదు. అది నేల మీద నడిచే, పరుగెత్తే పక్షి. అందుకే దానికి కావలసింది దట్టమైన అడవి కాదు, బొత్తిగా బోడి నేలా కాదు. పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి దాని అడుగుల గుర్తులు లెక్కించి చూస్తే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలుండి, మధ్యలో నడవడానికి ఖాళీ నేల ఉన్న చోటే అది ఎక్కువగా తిరుగుతున్నట్టు తేలింది. పొదలు కొట్టేస్తే అది పోతుంది. వాటి మధ్య ఖాళీ లేకుండా చెట్లు నాటినా పోతుంది. మొక్కలు నాటడం ఎప్పుడూ పుణ్యమే కదా అనేవారికి నా జవాబు ఇదే. కొన్ని నేలల మీద మొక్క నాటడం అక్కడి జంతువు దారి మూసేయడమే. వనస్థలిపురంలో ఒకప్పటి నిజాం వేటభూమిలో 1975లో ఏర్పడ్డ మహావీర్ హరిణ వనస్థలిలోని కృష్ణజింక కూడా గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగల బయలునేల జంతువే. పొడుగాటి కాలి ఎముకలు, ఒంటికి దగ్గరగా చేరిన కండలు ఉన్న ఆ శరీరానికి దూరం కనిపించే పచ్చిక ఉండాలి.

బట్టమేక పిట్ట కథ మరింత కఠినంగా ఇదే పాఠం చెబుతుంది. అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు పచ్చికబయళ్లను 1988లో దానికోసమే అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తం మీద మిగిలినవి 150కి లోపేనని అంచనా. మగ పక్షి బరువు 15 కిలోల దాకా ఉంటుంది. ఎగిరే పక్షుల్లో ఇది బాగా బరువైనది కాబట్టి గాలిలో చటుక్కున పక్కకు తిరగలేదు. దీని ఆఫ్రికా బంధువుల చూపును పరిశీలించిన ఇద్దరు శాస్త్రవేత్తలు 2010లో ఒక విషయం బయటపెట్టారు. ఈ పక్షుల కళ్లు తలకు రెండు పక్కలా ఉండడంతో, ఎగురుతూ నేలవైపు తల కాస్త వంచితే ఎదురుగా ఉన్నది అసలు కనిపించదు. పచ్చిక బయలులో, కోట్ల ఏళ్లుగా ఆకాశంలో అడ్డేమీ లేనప్పుడు ఈ చూపుతో ఏ నష్టమూ లేదు. కింద నేల మీద శత్రువునూ తిండినీ కనిపెట్టడానికి అదే మేలు. విద్యుత్ తీగలు వచ్చాక ఆ మేలే ప్రాణాంతకమైంది. రాజస్థాన్‌లో నేడు బట్టమేక పిట్టలు చనిపోవడానికి తీగలకు కొట్టుకోవడం పెద్ద కారణం. ఈ తీగల వివాదం సుప్రీంకోర్టుకు చేరి, 2021లో తీగల్ని భూగర్భంలో వేయాలన్న ఆదేశం దాకా నడిచింది. 2024లో కోర్టు ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీకి అప్పగించింది.

జంతువులు మారతాయి, పరిణామమంటే అదే కదా, వాటినలా వదిలేస్తే సర్దుకుంటాయని కొందరంటారు. ఈ వాదానికి సాక్ష్యం లేకపోలేదు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో రోడ్ల వంతెనల కింద గూళ్లు కట్టే పిచ్చుక వంటి చిన్న పక్షుల్ని 30 ఏళ్లు పరిశీలిస్తే, వాహనాలు ఢీకొని చనిపోయేవి తగ్గుతూ వచ్చాయి, బతికినవాటి రెక్కలు క్రమంగా పొట్టివయ్యాయి. పొట్టిరెక్కలు చటుక్కున పైకి లేవడానికి అనువు. ఈ మార్పు నిజం. కానీ అది వేల సంఖ్యలో ఉండి, ఏటా మూడు నాలుగు గుడ్లు పెట్టే పక్షులకు సాధ్యమైంది. బట్టమేక పిట్ట సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. మిగిలినవి వందకు కొంచెం పైన. ఎంపిక జరగాలంటే ముందు ఎంచుకోవడానికి సంఖ్య ఉండాలి, తరాలు గడవాలి. ఆ రెండూ లేని చోట పరిణామం పని మొదలుకాకముందే జాతి ముగిసిపోతుంది. కోతి, కుక్క, కాకి నగరంలో బతుకుతున్నాయంటే వాటి ఒళ్లు అన్ని నేలలకూ సరిపోయేది కావడమే కారణం. మూషిక జింకను, కలివికోడిని వాటితో పోల్చి ధైర్యం చెప్పుకోవడం తప్పు.

చివరి అభ్యంతరం అభివృద్ధి గురించి. రోడ్లు వద్దా, కరెంటు వద్దా అని అడుగుతారు. రెండూ కావాలి. జంతువు ఒంటి తీరు తెలిసినవాడు వాటిని ఎలా వేయాలో చెప్పగలడు. మన హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్ వైపు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పెంచ్ అడవి గుండా పోయేచోట, మహారాష్ట్ర భాగంలో జంతువుల కోసం తొమ్మిది దారులు రోడ్డు కిందుగా కట్టారు. పులులు, చుక్కల దుప్పులు వాటిని వాడుకుంటున్నాయని కెమెరాలు నిరూపించాయి. దుప్పికి వెడల్పూ వెలుతురూ కావాలి, చిన్న జంతువుకు అడుగునా అంచునా మరుగు కావాలి. ఈ తేడా ఇంజనీరుకు తెలిస్తే కట్టడం పనికొస్తుంది, తెలియకపోతే డబ్బు దండగ. మన అమ్రాబాద్ గుండా శ్రీశైలం వెళ్లే రోడ్డును రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా మూసివేస్తున్నారు. రాత్రిపూట తిరిగే, వెలుతురు పడితే బిగుసుకుపోయి నిలబడే మూషిక జింక వంటి వాటికి ఆ తొమ్మిది గంటలు ప్రాణం పోసేవి.

అందుచేత శ్రోతలకు నా మనవి ఇది. శ్రీశైలం దారిలో గేటు దగ్గర ఆగవలసి వస్తే విసుక్కోకండి, ఆ నిబంధన సడలించమని అడిగేవారిని సమర్థించకండి. మీ ఊళ్లో ఖాళీ నేల మీద మొక్కలు నాటుతామంటే, అది ఏ జంతువు నడిచే నేలో ముందు తెలుసుకుని నాటమని చెప్పండి. అడవుల లెక్క చెప్పే ప్రతి నివేదికలో చెట్ల శాతంతోపాటు పొదలు, పచ్చిక, ఖాళీ నేల ఎంత మిగిలాయో చెప్పమని ప్రజాప్రతినిధుల్ని అడగండి. జూపార్కులో మీ పిల్లలు ఒక జంతువు ఎందుకలా ఉందని అడిగితే, అది ఎక్కడ ఎలా నడుస్తుందో చెప్పండి. మూషిక జింకల్ని పెంచి ఇచ్చే పని మన నగరం చేసి చూపించింది. వాటికి తగిన నేలను మిగల్చడం మనందరి బాధ్యత.